ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు



ఈసారి సంపాదకీయం ఏ ముఖ్యమంత్రి గురించీ కాదు, ఏ పార్టీ గురించీ కాదు. మన గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, నేను చేయబోయి ఆగిన ఒక తప్పు గురించి.

మన వేదిక తరఫున ఒక ఊరి ప్రభుత్వ బడిలో సాయంత్రం పూట ట్యూషన్ సెంటర్ నడుస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. దానికి డబ్బులిచ్చింది మీరే. ఏడాది తిరిగాక ఆ బడిలో తొమ్మిదో తరగతి పిల్లల లెక్కల మార్కులు తెప్పించాం. పోల్చి చూడటానికి సెంటర్ లేని పక్క ఊరి బడి మార్కులు కూడా తెప్పించాం. మన బడి సగటు 5 మార్కులు ఎక్కువ! ఇంకేం కావాలి? రాత్రి పదకొండింటికి కూర్చుని దాతలకు ఉత్తరం రాశాను. "మీ డాలర్లు పనిచేస్తున్నాయి. మన పిల్లలు పక్క ఊరి పిల్లల కంటే 5 మార్కులు ముందున్నారు" అని పైనే పెద్ద అక్షరాల్లో పెట్టాను. పంపే ముందు ఆగిపోయాను.

ఎందుకు ఆగానంటే, ఆ రోజు పొద్దున ఆఫీసులో ఒక చిన్న వాదన జరిగింది. వెబ్‌సైటులో ఏ మార్పు చేసినా, వచ్చేవాళ్లలో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపించి, ఎవరు సగటున ఎంత కొన్నారో పోల్చడం మా టీము పని. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు రెండు రోజుల అంకెలు తెచ్చి "కొత్త బటన్ గెలిచింది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎంతమందిని చూశావు, అంకెలు ఎంత చెదురుగా ఉన్నాయి, ఇది ఊరికే వచ్చిన తేడా కాదని ఎలా తెలుసు అని నాలుగు ప్రశ్నలు వేసి వెనక్కి పంపాను.

బటన్ రంగు మార్చడానికి అన్ని ప్రశ్నలు అడిగినవాణ్ని, ఊరి పిల్లల చదువు మీద ప్రకటన చేసేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎందుకని? జవాబు నాకు ముందే నచ్చింది కాబట్టి!

ఇది నా ఒక్కడి జబ్బు అనుకోను. మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరిగే పోస్టులు చూడండి. ఈ జిల్లా సగటు ఆ జిల్లా కంటే ఎక్కువ, ఈ ప్రభుత్వం వచ్చాక సగటు పెరిగింది, ప్రైవేటు బడి సగటు ప్రభుత్వ బడి కంటే మేలు... మనకు నచ్చితే ఫార్వర్డ్ చేస్తాం, నచ్చకపోతే తప్పుడు లెక్కలంటాం. మనలో చాలామందిమి ఎమ్మెస్ చేసి వచ్చినవాళ్లం, క్లాసులో టీ-టెస్టు చదివి పరీక్ష రాసినవాళ్లం. ఆ చదువు ఆఫీసు గేటు దగ్గరే ఆగిపోతోంది. అందుకే ఈ సంపాదకీయం.

సగటు చెప్పనిది

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. కుండలో అన్నానికి అది నిజమే. ఒకే బియ్యం, ఒకే నీళ్లు, ఒకే మంట. మెతుకుకూ మెతుకుకూ పెద్ద తేడా ఉండదు. కానీ తరగతి గదిలో పిల్లలు మెతుకుల్లా ఉండరు. ఒకడికి 85 వస్తే ఇంకొకడికి 25 వస్తుంది. అలాంటి చోట గుప్పెడు మందిని తీసి సగటు వేస్తే, ఆ గుప్పెట్లో ఎవరు పడ్డారన్నదాన్ని బట్టి సగటు అటూ ఇటూ ఊగుతుంది. అసలు ప్రశ్న అదే. మనకు కనబడిన 5 మార్కుల తేడా నిజమైన తేడానా, లేక ఆ ఊగులాటేనా?

అసలు మార్కుల జాబితా పిల్లలది. దాన్ని ఇక్కడ అచ్చు వేయడం సబబు కాదు. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు అనుకుందాం. ఒక్కో బడిలో 16 మంది పిల్లలు. ఒక చోట సగటు 57, ఇంకో చోట 52. మార్కుల చెదురును కొలిచే క్రమవిచలనం రెండు చోట్లా 16. ఇంటర్మీడియెట్‌లో చదివిందే, గుర్తు చేసుకోండి.

ఒక్క పిల్లవాడి మార్కు 16 మేర అటూ ఇటూ ఊగితే, 16 మంది సగటు అంత ఊగదు. 16 వర్గమూలం 4. అంటే 16ను 4తో భాగిస్తే వచ్చే 4 మార్కుల మేర ఊగుతుంది. రెండు సగటుల మధ్య తేడా ఇంకొంచెం ఎక్కువ ఊగుతుంది, ఎందుకంటే రెండు వైపులా ఊగులాట ఉంది. 4 వర్గం, 4 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సుమారు 5.66. ఇప్పుడు మన 5 మార్కుల తేడాను ఈ 5.66తో భాగించండి. 0.88 వస్తుంది. దీన్నే టీ విలువ అంటారు. అంటే మనం చాటింపు వేయబోయిన తేడా, ఊరికే వచ్చే ఊగులాటంత కూడా లేదు!

ఇంకోలా చెప్పుకుందాం. రెండు బడుల మధ్య నిజంగా ఏ తేడా లేకపోయినా, ఇలా 16 మంది చొప్పున తీసి సగటు వేస్తే, ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్ద తేడా గానీ 100 సార్లలో సుమారు 38 సార్లు కనబడుతుంది. ఈ 0.38నే పీ-విలువ అంటారు. కాకి వాలింది, తాటిపండు పడింది. దాన్ని మన భాషలో కాకతాళీయం అన్నారు. కాకి వాలినందుకే పండు పడిందని దాతలకు ఉత్తరం రాయబోయాను నేను.

అదే 5 మార్కుల తేడా ఒక్కో వైపు 400 మంది పిల్లల్లో కనబడి ఉంటే? ఒక్కో సగటు ఊగేది 0.8 మార్కే. టీ విలువ 4.4 దాటుతుంది. అప్పుడు కాకతాళీయం అనడం కష్టం. లేదా పిల్లలు 16 మందే అయినా మార్కులు మరీ చెదరకుండా క్రమవిచలనం 4 మాత్రమే ఉంటే? టీ విలువ 3.5 వస్తుంది. తేడా అన్ని చోట్లా అదే 5 మార్కులు. కానీ దాని బరువు వేరు. తేడాను ఒక్కదాన్నే చూసి ఏమీ చెప్పలేం. చెదురు ఎంత, మంది ఎంత అన్నవి పక్కన పెట్టి చూడాలి. టెస్టు మొత్తం సారం ఇదే.

బీరు కంపెనీలో పుట్టిన లెక్క

ఈ టెస్టు పుట్టింది యూనివర్సిటీలో కాదు, బీరు కంపెనీలో! విలియం సీలీ గోసెట్ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ కంపెనీలో చేరాడు. బార్లీ రకాల్లో ఏది మేలో, ఏ పద్ధతి బాగుందో తేల్చాలి. కానీ ఒక్కో ప్రయోగానికి దొరికేవి నాలుగైదు నమూనాలే. అప్పటికి ఉన్న గణాంక పద్ధతులు వందల కొద్దీ నమూనాలుంటేనే సరిగ్గా పనిచేసేవి. గోసెట్ 1906-07లో లండన్ వెళ్లి కార్ల్ పియర్సన్ దగ్గర కొంతకాలం పనిచేసి, చిన్న నమూనాలకు సరిపోయే లెక్క కట్టాడు. 1908లో బయోమెట్రికా అనే పత్రికలో అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి 'స్టూడెంట్' అనే పేరుతో రాశాడు. అందుకే ఇప్పటికీ దాన్ని స్టూడెంట్ టీ-టెస్టు అంటున్నాం. ఉద్యోగం పోతుందేమోనని మారుపేరుతో రాసే మన మిత్రులకు ఆయన మంచి పూర్వీకుడే!

ఆయన తన లెక్కను సరిచూసుకున్న తీరు మనలాంటి ప్రోగ్రామర్లకు బాగా నచ్చుతుంది. కంప్యూటర్లు లేని రోజులు. 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి నడివేలి పొడవు కొలతలు అప్పటికే అచ్చులో ఉన్నాయి. వాటిని అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి 750 నమూనాలు చేశాడు. ఒక్కో దాని సగటు వేసి, అవి ఎలా చెదురుతున్నాయో చూశాడు. ఇవాళ మనం పది లైన్ల కోడుతో చేసే పని ఆయన చేత్తో చేశాడు.

తర్వాత రొనాల్డ్ ఫిషర్ దీన్ని మెరుగుపరిచి, 1925లో వచ్చిన తన పుస్తకంతో లోకమంతా వాడేలా చేశాడు. పీ-విలువ 0.05 కంటే తక్కువైతే గమనించదగ్గ తేడా అనే అలవాటు ఎక్కువగా ఆ పుస్తకం నుంచి వచ్చిందే. రెండు గుంపుల్లో చెదురు ఒకేలా లేనప్పుడు ఏం చేయాలన్నది వెల్చ్ 1947లో చెప్పాడు. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసినవారు మన సి.ఆర్.రావు గారు. హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా వెళ్లి గణాంక శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 2023లో ఇక్కడే అమెరికాలో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన తెలుగువాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన జీవితమంతా నేర్పిన జాగ్రత్తను మాత్రం మన పోస్టుల్లో పాటించం.

టెస్టు వెనక ఉన్న ఆలోచన కోర్టు పద్ధతి లాంటిది. నిందితుణ్ని ముందుగా నిర్దోషి అనుకుంటాం. ఇక్కడ కూడా ముందుగా "రెండు గుంపుల మధ్య తేడా లేదు" అనుకుంటాం. దీన్ని శూన్య పరికల్పన అంటారు. తర్వాత సాక్ష్యం చూస్తాం. తేడా లేదన్న మాటే నిజమైతే ఇలాంటి సాక్ష్యం కనబడటం ఎంత అరుదు? చాలా అరుదైతే ఆ మాట వదులుకుంటాం. అంత అరుదు కాకపోతే నేరం రుజువు కాలేదంటాం. నేరం రుజువు కాకపోవడం వేరు, నేరమే జరగలేదని తేలడం వేరు. ఈ తేడా మరచిపోకండి, మళ్లీ దీని దగ్గరకొస్తాను.

ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం?

గోసెట్ 1908 వ్యాసంలోనే ఒక ఉదాహరణ ఉంది. నిద్రమందులు రెండు, రోగులు పది మంది. ఒక్కో మందుతో ఎన్ని గంటల నిద్ర అదనంగా వచ్చిందో కొలిచారు. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు. తేడా 1.58 గంటలు.

ఇవి ఇద్దరు వేర్వేరు గుంపుల రోగుల అంకెలనుకుని టెస్టు చేస్తే టీ విలువ 1.86, పీ-విలువ 0.08 దగ్గర వస్తుంది. 0.05 గడప దాటలేదు. కానీ నిజానికి రెండు మందులూ అదే పది మంది వాడారు. కాబట్టి ఎవరి తేడా వారికే చూడాలి. అలా జతలుగా చూస్తే తొమ్మిది మందికి రెండో మందుతోనే ఎక్కువ నిద్ర, ఒక్కరికి సమానం. టీ విలువ 4.06కు పెరుగుతుంది, పీ-విలువ 0.003 దగ్గరకు పడిపోతుంది. అంకెల్లో ఒక్కటీ మారలేదు! మనిషికీ మనిషికీ ఉండే తేడా లెక్కలోంచి తప్పుకోవడంతో, మందుకూ మందుకూ ఉన్న తేడా బయటపడింది.

నాకు దీంట్లో పాఠం కనబడింది. మేం ఏడాది చివరి మార్కులే తెప్పించాం. సెంటర్ మొదలుకాక ముందు అదే పిల్లలకు ఎన్ని వచ్చేవో తెప్పించలేదు. మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒక పరీక్ష పెట్టి, ఏ పిల్ల ఎంత ఎదిగిందో చూసుంటే అంత తక్కువ మందితో కూడా ఎంతో కొంత తెలిసేది. టెస్టు చివర్లో చేసే పని కాదు, మొదటి రోజే ఆలోచించాల్సిన పని.

ఇంతకంటే పెద్ద దెబ్బ మా ఊరి రిటైర్డు హెడ్‌మాస్టరు సారు నుంచి తగిలింది. ఆదివారం ఫోన్ చేసి ఈ 5 మార్కుల సంగతి చెప్పాను. ఆయన నవ్వారు.

"బిడ్డా, ఆ పక్కూరి బడిల లెక్కల సారు రెండేండ్ల సంది లేడు. నీ సెంటర్ లేకున్నా అక్కడ మార్కులు తక్కువే వస్తయి. ఇంకోటి, నీ సెంటరుకు వచ్చేటోళ్లు ఎవరు? ఇంట్ల పనికి పోవాల్సిన అవసరం లేని పిల్లలే కదా?"

నేను చేసిన టెస్టు ఏదీ ఈ మాట పట్టుకోలేదు, పట్టుకోలేదు కూడా... ఎందుకంటే టీ-టెస్టు కాకతాళీయాన్ని మాత్రమే పట్టుకుంటుంది. రెండు గుంపులూ మొదటినుంచీ వేరైతే, తేడా నిజమేనని చెబుతుంది గానీ దానికి కారణం నువ్వు కాదని చెప్పదు. పైగా ఒకే బడిలో 16 మంది పిల్లలకు సారు ఒక్కడే, గది ఒక్కటే, పేపరు దిద్దిన చేయి ఒక్కటే. వాళ్లను 16 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టడమే తప్పు. నిజానికి నేను పోల్చింది 32 మంది పిల్లల్ని కాదు, రెండు బడుల్ని. ఇటు ఒకటి, అటు ఒకటి. ఒక్క మెతుకూ ఒక్క మెతుకూ!

మన గడ్డ మీద జరిగిన సరైన పోలికలు

ఇది సరిగ్గా ఎలా చేయాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే చేసి చూపించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005లో పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనసు ఇవ్వడం దాంట్లో ఒక భాగం. ఏ బడికి ఇవ్వాలో ఏ ఎమ్మెల్యే సిఫార్సూ లేదు, చీటీలు తీసినట్టే ఎంచుకున్నారు. 100 బడుల్లో టీచర్లందరికీ కలిపి బోనసు, 100 బడుల్లో ఎవరిది వారికి, పోలిక కోసం 100 బడులకు ఏమీ లేదు. రెండేళ్ల తర్వాత బోనసు ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 క్రమవిచలనాల మేర ముందున్నారు. మనం పైన అనుకున్న అంకెల్లో అయితే ఇది సుమారు 4 మార్కులు, 3 మార్కులు. చూడటానికి నా 5 మార్కుల కంటే చిన్న తేడానే. అయినా అది నిలబడింది, నాది నిలబడలేదు. ఫలితాలు 2011లో ప్రచురించారు.

ఇంకోటి మరీ ముఖ్యం. ప్రైవేటు బడి మేలా, ప్రభుత్వ బడి మేలా అని ఎన్నికలప్పుడల్లా కొట్టుకుంటాం. ఊరికే సగటులు తీస్తే ప్రైవేటు బడి పిల్లలు ముందుంటారు. కానీ ఫీజు కట్టగలిగిన తల్లిదండ్రుల పిల్లలు మొదటినుంచే ముందున్నారేమో? ఇదే ఇద్దరూ ఉమ్మడి రాష్ట్రంలోని 180 పల్లెల్లో 2008 నుంచి ఈ సంగతి తేల్చే ప్రయత్నం చేశారు. ప్రైవేటు బడిలో చేరడానికి వోచరు కావాలన్న కుటుంబాల మధ్య లాటరీ తీశారు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ మొదట ఒకే రకం కుటుంబాలు. తేడా లాటరీ ఒక్కటే. రెండేళ్ల తర్వాతా, నాలుగేళ్ల తర్వాతా చూస్తే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు-సోషల్‌లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు ముందున్నారు.

ప్రభుత్వ బడిని సమర్థించే మిత్రులు అప్పుడే సంబరపడకండి. అదే అధ్యయనంలో ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువని తేలింది. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి కూడా సమానంగా నిలిచాయి. మిగిలిన సమయంలో హిందీ లాంటివి నేర్పాయి. అంటే ఇరువైపులవారూ ఫార్వర్డ్ చేసుకునే పోస్టులు రెండూ సగం సగమే నిజం. నిజాయితీగా పోల్చిన లెక్క ఎప్పుడూ ఏ ఒక్క పార్టీకీ పూర్తిగా నచ్చదు. దాన్ని నమ్మడానికి అదే మంచి కారణం అంటాను నేను.

టెస్టును కూడా గుడ్డిగా నమ్మొద్దు

ఇంత చెప్పాను కాబట్టి ఇక ప్రతిదానికీ పీ-విలువ అడిగి, 0.05 కంటే తక్కువైతే నిజం, ఎక్కువైతే అబద్ధం అనుకుంటే అది ఇంకో మూఢనమ్మకం. మూడు సంగతులు గుర్తుపెట్టుకుందాం.

మొదటిది, వెతికితే దొరుకుతుంది. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలు. రెండేసి జిల్లాల చొప్పున పోలిస్తే 528 జతలు. జిల్లాల మధ్య నిజంగా ఏ తేడా లేకపోయినా, 0.05 గడప పెట్టుకుంటే సుమారు 26 జతల్లో తేడా ఉన్నట్టు కనబడుతుంది. ఆ 26లోంచి మనకు కావలసిన ఒక్కటి ఏరుకుని "మా జిల్లాకు అన్యాయం" అని పోస్టు పెట్టొచ్చు. అన్యాయం జరగలేదని నేననడం లేదు. అన్యాయం నిజమైతే దానికి ఏరుకున్న సాక్ష్యం అవసరం లేదంటున్నాను.

రెండోది, రుజువు కాలేదంటే లేదని కాదు. ఇందాక కోర్టు సంగతి చెప్పాను కదా. 16 మంది పిల్లలతో చేసిన టెస్టు, సెంటర్ పనిచేయలేదని కూడా చెప్పదు. క్రమవిచలనం 16 ఉన్నచోట 5 మార్కుల తేడా నిజంగా ఉంటే, దాన్ని 100లో 80 సార్లయినా పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 160 మంది కావాలి. ఒకే బడి పిల్లలైతే ఇంకా ఎక్కువ. పది మందిని అడిగి "పథకం వల్ల లాభం లేదని తేలింది" అని రాసే పత్రికలను, అధికారులను ఇదే మాటతో నిలదీయాలి. పేదల పథకాలు ఎత్తేయడానికి ఇలాంటి చిన్న లెక్కలు మంచి సాకు.

మూడోది, తేడా ఉందనడం వేరు, ఆ తేడా పెద్దదనడం వేరు. లక్షల మంది అంకెలుంటే అర మార్కు తేడా కూడా టెస్టు గడప దాటుతుంది. అర మార్కుతో ఏ పిల్లవాడి బతుకు మారుతుంది? అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఒక ప్రకటన చేసి ఇదే చెప్పింది. పీ-విలువ గడప దాటిందా లేదా అన్న ఒక్కదాని మీదే నిర్ణయాలు చేయొద్దని, పీ-విలువ తేడా ఎంత పెద్దదో చెప్పదని హెచ్చరించింది.

మరి మన ఉత్తరం?

మార్చి రాశాను. "సెంటర్ నడుస్తోంది, పిల్లలు వస్తున్నారు, టీచరుకు జీతం అందుతోంది. మార్కులు పెరిగాయో లేదో మేం కొలిచిన పద్ధతితో చెప్పలేం. వచ్చే ఏడాది సరిగ్గా కొలుస్తాం" అని రాశాను. కమిటీలో పెద్దన్న ఒకాయనకు కోపం వచ్చింది. "తమ్మీ, నువ్వు రాసింది నిజమే. కానీ గిట్ల రాస్తే పైసలు ఎవరిస్తరు?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఈ వేదికను తన చేతి డబ్బుతో నిలబెట్టిన మనిషి. నిజమే, ఈసారి విరాళాలు తగ్గాయి.

"అన్నా, రేపు ప్రభుత్వం ఇలాంటి లెక్కే చూపించి ఏదో పథకం గొప్పలు చెప్తే మనం ఏ ముఖంతో అడుగుతాం?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మరి సరిగ్గ కొలిచేదెట్లనో చెప్పు" అన్నారు. నాకు విరాళాల కంటే ఆ మాటే ఎక్కువ విలువైనదిగా అనిపించింది.

నా ప్రతిపాదన ఇది. సెంటర్ కావాలని అడుగుతున్న బడులన్నిటికీ ఇచ్చేంత డబ్బు మన దగ్గర ఎలాగూ లేదు. ఇప్పటిదాకా ఎవరి ఊరికి వాళ్లం లాక్కున్నాం. ఇకనుంచి అడిగిన బడుల పేర్లన్నీ చీటీల మీద రాసి, ఆ బడుల హెడ్‌మాస్టర్ల ముందే తీద్దాం. ఈ ఏడాది రాని బడులకు వచ్చే ఏడాది ముందు అవకాశం. అన్ని బడుల్లో మొదట ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష పెడదాం. ఏ బడి పేపరో తెలియనివాళ్లతో దిద్దిద్దాం. ఏం పోలుస్తామో ముందే రాసి ఈ న్యూస్‌లెటర్‌లో అచ్చు వేద్దాం. ఫలితం ఎలా వచ్చినా, సెంటర్ల వల్ల ఏమీ జరగలేదని వచ్చినా సరే, అచ్చు వేద్దాం. బడులు తక్కువగా ఉంటే జవాబు గట్టిగా రాకపోవచ్చు. అప్పుడు ఆ మాటే చెబుదాం. చీటీలు తీయడం లెక్కకు మంచిదని మాత్రమే కాదు, ఊరికీ ఊరికీ మధ్య న్యాయం కూడా అదే. వచ్చే సమావేశంలో దీని మీద ఓటింగు పెడుతున్నాం. తప్పక రండి.

అప్పటిదాకా, ఏ సగటు మీ ముందుకొచ్చినా ఫార్వర్డ్ చేసే ముందు ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఎంతమందిని చూసి చెబుతున్నారు?
2. వాళ్లలో వాళ్లకు చెదురు ఎంత?
3. రెండు గుంపులూ మొదట్లో ఒకేలా ఉన్నాయా?
4. ఎన్ని పోలికలు చేసి ఈ ఒక్కటి చూపిస్తున్నారు?
5. తేడా నిజమే అనుకున్నా, మనిషి బతుకులో అది ఎంత?

అవతలివాళ్ల పోస్టుకు ఈ ప్రశ్నలు వేయడం సులువు. ముందుగా మనకు నచ్చిన పోస్టుకు వేద్దాం. నేను నా ఉత్తరంతో మొదలుపెట్టాను. మీ వంతు మీది.